నూట ఎనభై ఏడో పేజీ

3 సెప్టెంబరు 2000, ఆదివారం

ఈ డైరీ ఉమ వాళ్ల ఆఫీసులో ఎవరూ తీసుకోక మిగిలిపోయిందట. ఏడాదిలో ఎనిమిది నెలలు గడిచాక తెచ్చి నా చేతిలో పెట్టి, "ఊరికే కూర్చోకపోతే ఏదన్నా రాసుకోవచ్చు కదా నాన్నా" అంది. ముప్పై ఏళ్లు సైన్యంలో చేసి వచ్చిన రిసాల్దార్ గురునాథాన్ని పట్టుకుని ఊరికే కూర్చున్నావనడానికి గుండె ఉండాలి. దానికి ఉంది, నా కూతురే కదా.

అయినా ఇవాళ్టితో నా తీరిక అయిపోయింది. మా రెజిమెంట్ చరిత్ర పుస్తకంగా వస్తోంది. గుర్రాల కాలం నుంచి ట్యాంకుల కాలం దాకా మొత్తం. రాస్తున్నది మా పాత కర్నల్ సాబ్. డెబ్భై ఒకటి యుద్ధంలో ఆయన మా సి స్క్వాడ్రన్‌లో కుర్ర లెఫ్టినెంటు. రాసినదంతా ఈమెయిల్లో పంపారు. ఉమ సింగపూర్ సైన్స్ పార్కులో తన ఆఫీసు ప్రింటరు మీద మూడు వందల పేజీలు తీసి, మేనేజరు కంటపడకుండా రెండు సంచుల్లో యీషున్‌లో మా ఇంటి దాకా మోసుకొచ్చింది. నేను చదివి, తప్పులు దిద్ది, ఈ నెల ముప్పయ్యో తారీఖులోగా తిప్పి పంపాలి. ఆ తర్వాత ప్రెస్సుకు పోతుంది. ఫిబ్రవరిలో రెజిమెంట్ జూబిలీ నాడు విడుదల.

కర్నల్ సాబ్ చివర్లో ఒక మాట రాశారు: "గురునాథం, మీ ట్యాంకులో ఎక్కిన నలుగురిలో నువ్వొక్కడివే మిగిలావు. ఆ భాగం జాగ్రత్తగా చూడు."

జాగ్రత్తగానే చూస్తాను.

4 సెప్టెంబరు

మొదటి అధ్యాయమంతా గుర్రాలు. మా రెజిమెంటుకు గుర్రాలు తీసేసి ట్యాంకులిచ్చిన రోజు, సవార్లు తమ తమ గుర్రాలకు జీను విప్పి, మెడ నిమిరి, కళ్లేలు అప్పగించి వచ్చారట. మర్నాడు పొద్దున ఒక ముసలి దఫేదార్ అలవాటు కొద్దీ నానిన శనగల బాల్చీ తెచ్చి ట్యాంకు ముందు పెట్టాడట. ఇది మా సీనియర్లు మాకు చెప్పి నవ్వించిన కథే. పుస్తకంలో ఎక్కినందుకు సంతోషం.

మనవరాలు అక్షరకు చదివి వినిపించాను. దానికి ఏడేళ్లు. "తాతా, దెన్ ది హార్సెస్ హౌ? దే క్రై ఆ?" అంది. ఏడ్చే ఉంటాయన్నాను. "సో సాడ్ లా" అని టీవీ పెట్టుకుంది.

ముందు గుర్రానికి నీళ్లు, తర్వాతే సవారుకు. అది మా రెజిమెంట్ నియమం. ట్యాంకులొచ్చాక కూడా ఇంజను చూడకుండా ఎవడూ అన్నం ముట్టేవాడు కాదు.

6 సెప్టెంబరు

పదకొండు తప్పులు పట్టాను. జెండా రంగులు తారుమారు చేశారు. ఒక రిసాల్దార్ మేజర్ పేరు తప్పు రాశారు. హాజరు సంగతి మాత్రం సరిగ్గా రాశారు. ప్రతి జూబిలీకి, ప్రతి రెజిమెంట్ దినానికి యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు పిలుస్తారు. పిలిచిన పేరుగలవాడి ట్యాంకులో పనిచేసినవాడెవడైనా ఉంటే, నిలబడి "హాజర్ సాబ్" అనాలి. మా డ్రైవర్ భద్రయ్య పేరుకు ఇరవై తొమ్మిదేళ్లుగా నేనే పలుకుతున్నాను.

పేజీ 187 చదివాను. బాగానే రాశారు.

7 సెప్టెంబరు

ఇంకో తొమ్మిది తప్పులు. ఎక్కువగా కామాలు.

8 సెప్టెంబరు, శుక్రవారం

187లో ఉన్నదాన్ని తెలుగులో ఇక్కడ రాసుకుంటాను. రాసుకుంటే తప్పేం లేదు.

"ట్యాంకుకు ఎడమవైపు గుండు తగిలి కమాండర్ అక్కడికక్కడే మరణించాడు. లోడర్ దానయ్య గాయపడి బయటపడ్డాడు. డ్రైవర్ సవార్ భద్రయ్య భయంతో బిగుసుకుపోయి, తన తల మీది ఇనుప మూతకు లోపలి గొళ్లెం కూడా తీయలేకపోయాడు. గన్నర్ లాన్స్ దఫేదార్ గురునాథం మండుతున్న ట్యాంకు మీదికి ఎక్కి, వట్టి చేతులతో ఆ మూతను లాగుతూ, రెండు అరచేతులూ కాలిపోయేదాకా వదలలేదు."

ఇది కర్నల్ సాబ్ కల్పించింది కాదు. ఆసుపత్రిలో నేనిచ్చిన వాంగ్మూలమే. అప్పుడు నా రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు. మూత ఎందుకు తెరుచుకోలేదని అడిగారు. "లోపల గొళ్లెం వేసి ఉందేమో, భయపడ్డాడేమో" అన్నాను. రాసుకున్న గుమాస్తా "ఏమో"లు తీసేశాడు. దానికి నేనేం చేసేది?

10 సెప్టెంబరు, ఆదివారం

ఇవాళ ఒక మనిషి వచ్చాడు.

పదకొండు గంటలకు తలుపు కొట్టారు. ఉమ తీసింది. ముప్పై ఏళ్ల లోపు మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో నారింజపళ్ల సంచి. చెప్పులు గుమ్మం బయట ఒక వారగా జతగా పెట్టి, "నమస్తె సార్. నేను తిరుమలేష్‌ని. భద్రయ్య కొడుకుని" అన్నాడు.

ఉమ కుర్చీ వేసింది. సెంబవాంగ్ దగ్గర ఒక షిప్‌యార్డులో రెండేళ్లుగా పని చేస్తున్నాడట. ఇక్కణ్ణుంచి ట్రైన్‌లో ఒక్క స్టేషను. జూబిలీకి రమ్మని రెజిమెంట్ నుంచి వాళ్లమ్మ బాలనాగమ్మకు ఉత్తరం వెళ్లిందట. నేను సింగపూర్‌లో ఉన్నట్టు అందులోనే ఉందట. రెండేళ్లు ఒక్క స్టేషను దూరంలో ఉన్నాడు. నాకు తెలియదు.

నాన్న పోయేనాటికి తల్లి కడుపులో ఉన్నాడు. ముఖం మాత్రం అచ్చు భద్రయ్యదే, ఆ ఎడమ కనుబొమ్మ పైకి లేవడంతో సహా.

"సార్, మిమ్ముల పెద్దనాయినా అంటే ఏమనుకోరు గద?" అన్నాడు. అనమన్నాను.

"పెద్దనాయినా, ఒక్కటి అడుగుత. మా ఊర్ల నన్ను ఇప్పటికీ భయపడి సచ్చినోని కొడుకు అంటరు. పక్కూరాయన ఒకాయన మిల్ట్రీల చేసి వచ్చి జెప్పిండంట, గొళ్లెం తీసుకునే ధైర్నం లేక లోపల్నే కాలిండని. మా అమ్మ నమ్మది. మీ నాయిన ఎండకాలం పాతబాయిల తాడు కట్టుకోకుండ దిగి పూడిక తీసేటోడు, ఆయనకు భయం ఏంది అంటది. మీరు ఆడ ఉన్నరు. మీరు జెప్పుండ్రి."

ఉమ కాఫీ పట్టుకుని అక్కడే నిలబడింది. ఆ రోజు చేసినదానికి నాకిచ్చిన మెడల్ గోడకు వేలాడుతోంది. వాడు దాన్ని చూసి దండం పెట్టాడు.

"పుస్తకం వస్తోంది నాయనా. అందులో అన్నీ ఉంటాయి" అన్నాను.

"నాకు ఇంగ్లీషు రాదు పెద్దనాయినా."

"నేను తెలుగులో రాసిస్తాను. మీ అమ్మకు పంపుదువు గాని."

వాడు ఎంత సంతోషపడ్డాడో ఇక్కడ రాయలేను. అప్పటిదాకా ముట్టని కాఫీ అప్పుడు తాగాడు.

11 సెప్టెంబరు

ఏమీ చదవలేదు.

13 సెప్టెంబరు, బుధవారం

ఒక్క సంగతి ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఈ డైరీ చదివేది ఎవరు గనక.

డ్రైవర్ కూర్చునేది ట్యాంకు ముందు భాగంలో, కుడివైపు. నెత్తి మీద మూత. గన్ గొట్టం కుడివైపు తిరిగి కొంచెం కిందికి వంగితే సరిగ్గా ఆ మూత మీదికి వస్తుంది. అప్పుడు మూత లేవదు. లోపలివాడు ఎంత బలంగా తోసినా లేవదు. అందుకని ట్యాంకు ఆగగానే గొట్టాన్ని పక్కకు తిప్పి డ్రైవర్ దారి ఖాళీ చేయడం గన్నర్ పని. ట్రైనింగులో మొదటి వారంలోనే నేర్పుతారు. రోజూ పొద్దున ట్యాంకు ఎక్కేముందు భద్రయ్య నన్ను చూసి, "అన్నా, నా మూత మీద నీ తొండం పెట్టకు" అనేవాడు. నేను "పెడితే ఏం చేస్తావురా" అనేవాణ్ణి. ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

ఆ సాయంత్రం కుడివైపు చెరుకుతోటలో ఉన్న శత్రు ట్యాంకు మీద కాల్చాం. అదే సమయంలో ఎడమవైపు నుంచి మాకు తగిలింది. గొట్టం కుడివైపే ఉంది. అది నిజమే. అయితే దెబ్బకు ట్యాంకులో కరెంటు మొత్తం పోయింది. కరెంటు లేకుండా గొట్టం ఎలా తిరుగుతుంది? ఎవరన్నా తిప్పగలరా?

17 సెప్టెంబరు, ఆదివారం

తిరుమలేష్ మళ్లీ వచ్చాడు. కింద కాఫీ షాపులో కూర్చున్నాం. ఎవరో బల్ల మీద రుమాలు పెట్టి, ఇక్కడివాళ్ల మాటలో చోటు చోప్ చేసుకుని వెళితే, వాడు దాన్ని కదపకుండా ఇంకో బల్ల వెతికాడు. పద్ధతి గల మనిషి.

యార్డులో నీ పనేమిటని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"ఓడ లోపల గదులుంటయి పెద్దనాయినా, చమురు గదులు, నీళ్ల గదులు. మనిషి పట్టేంత బొక్క ఉంటది, అండ్లకెల్లి దిగి కడుగుతరు, వెల్డింగు చేస్తరు. ఆ బొక్క కాడ నిలబడుడే నా పని. లోపలికి ఎవరు పోతే వాళ్ల బిళ్ల తీసుకొని బోర్డుకు తగిలేస్త. బయటికొస్తే తిరిగిస్త. బోర్డు మీద ఒక్క బిళ్ల ఉన్నా నేను కదలొద్దు. మూత్రానికి సుత పోవద్దు. లోపలోళ్లకు ఏమన్నయితే ఇనుప గోడ మీద కొడతరు. ఆ సప్పుడు ఇనుడే నా కొలువు."

నేను కప్పు కింద పెట్టేశాను. వయసు మీది అలసట అనుకున్నాడు కాబోలు, నీళ్లు తెచ్చిచ్చాడు.

"ఎప్పుడన్నా కొట్టారా లోపలివాళ్లు?" అని అడిగాను.

"ఒక్కపారి. గాలి అందక. నేను సైరను కొట్టి, తాడేసి ముగ్గుర్ని గుంజిన. ఆ ముగ్గురు ఇప్పుడు నన్ను తమ్మీ అంటరు."

రాసిస్తానన్నది రాశారా అని వాడు అడగలేదు. అడగకుండా నా వంక చూశాడు. నేను గుర్రాల సంగతి ఎత్తుకున్నాను. శనగల బాల్చీ కథ చెప్పాను. మర్యాదకు నవ్వాడు.

20 సెప్టెంబరు

కరెంటు పోతే తిప్పడానికి చేతి చక్రం ఉంటుంది. గన్నర్ సీటు పక్కనే. పొగలో అది కనపడలేదు.

21 సెప్టెంబరు

కనపడక్కర్లేదు. పదకొండేళ్లు రోజూ చేయి వేసిన చక్రం అది.

23 సెప్టెంబరు, శనివారం

ఉమ ఇవాళ వీసా పొడిగింపుకు తీసుకెళ్లింది. నా వేలిముద్రలు మిషను మీద పడలేదు. అరచేతులు, వేళ్ల కొసలు అన్నీ నున్నగా అయిపోయాయి కదా. కౌంటర్‌లో పిల్ల మూడుసార్లు ప్రయత్నించింది. ఉమ ముందుకొచ్చి ఇంగ్లీషులో, మా నాన్న యుద్ధంలో తోటివాణ్ణి కాపాడబోయి చేతులు కాల్చుకున్నారని చెప్పింది. ఆ పిల్ల లేచి నిలబడి నాకు రెండు చేతులతో పాస్‌పోర్టు తిరిగిచ్చింది.

దారిలో ఉమ అంది: "నాన్నా, నాకు ఇంజనీరింగ్ సీటొచ్చిందే నీ మెడల్ మీద. ఎక్స్‌సర్వీస్‌మెన్ కోటాలో గ్యాలంట్రీ మెడల్ వాళ్ల పిల్లలకి ముందు ఇచ్చారుగా. అది లేకపోతే నేను ఒంగోలులో ట్యూషన్లు చెప్పుకుంటూ ఉండేదాన్ని."

ట్రైను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఈ ఫ్లాటు, ఈ ఉద్యోగం, జకార్తాలో అల్లుడు పృథ్వీ చేస్తున్న పెద్ద ప్రాజెక్టు, అక్షర చదివే బడి, అన్నీ ఆ మెడల్ దగ్గరే మొదలు. భద్రయ్య కొడుకు ఏడో తరగతిలో బడి మానేశాడట. బళ్లో పిల్లలు భయపడ్డోడు అని పిలుస్తుంటే వెళ్లలేకపోయాడట. మొన్న తనే చెప్పాడు, నవ్వుతూ.

24 సెప్టెంబరు, ఆదివారం

కడుపునొప్పి అని చెప్పించాను. తిరుమలేష్ గుమ్మం దాకా వచ్చి, నారింజపళ్లు ఇచ్చి వెళ్లిపోయాడట.

25 సెప్టెంబరు

ముప్పై ఏడు తప్పులు దిద్దాను ఇప్పటికి. అన్నీ పట్టిక వేశాను. పేజీ 187 పట్టికలో లేదు.

26 సెప్టెంబరు

ఎందుకు చెప్పాలి? బాలనాగమ్మకు ఈ వయసులో ఆ మాట వినిపించి ఏం ఒరగబెట్టాలి? ఆమె మానాన ఆమె బతుకుతోంది. నమ్మనంటోంది కదా, నమ్మకపోతే సరిపోయె. నేను చెబితే మాత్రం పోయినవాడు తిరిగొస్తాడా?

27 సెప్టెంబరు

నిన్నటిదంతా కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ. నేనెలాంటివాణ్ణో తెలియాలి.

28 సెప్టెంబరు, గురువారం

ఉమ ఆఫీసుకు, అక్షర బడికి వెళ్లారు. తలుపు గడియ పెట్టి కూర్చుని రాస్తున్నాను. ఈసారి ఆగను.

దెబ్బ తగలగానే కమాండర్ సాబ్ నా మీదికి ఒరిగిపోయారు. దానయ్య తన మూత తీసుకుని దూకేశాడు. లోపల అంతా పొగ. మంట లేదు. మంట వెనకాల ఇంజను వైపు మొదలైంది, లోపలికి రాలేదింకా. నా కుడిచేయి చక్రం మీదే ఉంది. తిప్పాలని తెలుసు. పదిహేను ఇరవై చుట్లు, అంతే. ఒక చుట్టు తిప్పాను కూడా. అప్పుడు వెనక ఏదో పేలింది. చక్రం వదిలేసి, సాబ్ శరీరాన్ని తోసుకుని, పైకి వచ్చి దూకాను.

నాలుగడుగులు పరిగెత్తాక చప్పుడు వినబడింది. లోపలి నుంచి స్పానర్‌తో ఇనుము మీద కొడుతున్నాడు. ఆగి, మళ్లీ. ఆగి, మళ్లీ. భయపడినవాడు కొట్టే చప్పుడు కాదది. పనివాడు కొట్టే చప్పుడు. "అన్నా, తొండం తియ్యి" అని చెబుతున్నాడు. గొళ్లెం ఎప్పుడో తీసేసి ఉంటాడు. నాకు అర్థమయింది. ఆ చప్పుడు అర్థమయ్యేది ప్రపంచంలో నాకొక్కడికే.

తిరిగి వెళ్లాను. అందరూ చూసింది అదే. వెళ్లింది లోపలికి కాదు. పైనుంచి ట్యాంకులోకి దిగి చక్రం తిప్పాలి. దిగితే మళ్లీ బయటికి రాలేనేమోనని భయం వేసింది. భయపడింది నేను. ట్యాంకు ముందు భాగం మీదికి ఎక్కి, గొట్టం కింద ఇరుక్కున్న ఆ మూతను రెండు చేతులతో పట్టుకుని లాగాను. అది తెరుచుకోదని నాకు తెలుసు. తెలిసే లాగాను. మంట ముందుకు వచ్చి చేతులు కాలుతున్నా లాగాను. కాల్వ గట్టున పడి ఉన్న దానయ్య చూశాడు, లెఫ్టినెంట్ సాబ్, ఇప్పుడు పుస్తకం రాసిన ఆయనే, చూశారు. చప్పుడు ఆగిపోయేదాకా లాగాను. తర్వాత ఎవరో నన్ను ఈడ్చుకెళ్లారు.

నా చేతులు కాలింది భద్రయ్యను కాపాడబోయి కాదు. లోపలికి దిగకుండా ఉండటానికి.

ఇంకొకటి. ఆసుపత్రిలో నేను "ఏమో" అనలేదు. గొళ్లెం వేసుకున్నాడు, భయపడ్డాడు అనే చెప్పాను. గుమాస్తా ఉన్నదున్నట్టు రాశాడు.

నా భార్య తారాదేవి ఆరు నెలలు నాకు అన్నం తినిపించింది. ఆమెకూ చెప్పలేదు. చెప్పకుండానే ఆమె పోయింది.

భద్రయ్యా, నన్నేం చేస్తావురా.

30 సెప్టెంబరు, శనివారం

పై అయిదు పేరాలు వేరే కాగితం మీద ఎత్తి రాసి, ఉమకు ఇచ్చి, ఇంగ్లీషులో టైపు చేసి కర్నల్ సాబ్‌కు పంపమన్నాను. ఇవాళే ఆఖరి రోజు అన్నాను. వాళ్ల ఆఫీసులో ఏదో సాఫ్ట్‌వేర్ రిలీజు, సెలవు రోజైనా కంప్యూటరు ముందే ఉంది. "అబ్బా, ఇప్పుడా నాన్నా" అంటూ చదవడం మొదలుపెట్టింది.

చదివి కాగితం బల్ల మీద బోర్లా పెట్టింది.

"ఇది పంపాలా?"

"పంపాలమ్మా."

"అంటే నేను చదువుకున్నదంతా..."

వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది. ఏడ్చేటప్పుడు కుళాయి తిప్పడం దానికి చిన్నప్పటి అలవాటు. అక్షర వెళ్లి "అమ్మా, వై యు క్రై? తాతా స్కోల్డ్ యు ఆ?" అంటోంది.

అరగంట తర్వాత వచ్చి కూర్చుని టైపు చేసింది. ఒక్క మాట మార్చలేదు. "చక్రాన్ని ఏమంటారు ఇంగ్లీషులో?" అని మాత్రం అడిగింది. పంపేసి, నా వంక చూడకుండా, "వెళ్లింది" అంది.

3 అక్టోబరు

జవాబు వచ్చింది. ఉమ ప్రింటు తీసి బల్ల మీద పెట్టి ఆఫీసుకు వెళ్లిపోయింది.

ముప్పై ఏడు దిద్దుబాట్లకు కర్నల్ సాబ్ ధన్యవాదాలు చెప్పారు. అన్నీ సరిచేశారట. ఇక రెండో సంగతి. "ఇన్నేళ్లకు మనిషి తన మీద తానే నేరం మోపుకోవడం నేను చాలామందిలో చూశాను. నీ చేతులు కాలడం నా కళ్లతో చూశాను. మెడల్ నీ ఒక్కడిది కాదు, రెజిమెంటుది. పుస్తకం నిన్ననే ప్రెస్సుకు వెళ్లింది. ఆ పేజీ అలాగే ఉంటుంది. ఆరోగ్యం చూసుకో."

చూసుకోవాలట.

మూడు సార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు నాకు సంతోషం కలిగింది. అదీ రాస్తున్నాను.

8 అక్టోబరు, ఆదివారం

దసరా నిన్ననే అయింది. ఉమ పులిహోర చేసింది. అది నాతో అవసరమైనంతే మాట్లాడుతోంది. తిరుమలేష్ వస్తాడని కిందికి వెళ్లి, మా బ్లాకు కింద ఖాళీ జాగాలో రాతి బల్ల దగ్గర కూర్చున్నాను. పైన మెడల్ ఉన్న గదిలో చెప్పలేను.

వాడు వచ్చాడు. కూర్చోమన్నాను. చెప్పాను. గొట్టం, మూత, చక్రం, అన్నీ. బల్ల మీద నీళ్ల సీసా పెట్టి, పక్కన మూత పెట్టి, వేలితో చూపించాను, ఇలా ఉంటే ఇలా లేవదని. వాడికి వెంటనే అర్థమయింది. రోజూ చేసే పని కదా.

కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండును.

వాడు నీళ్ల సీసా వంకే చూస్తూ ఉన్నాడు. చివరికి, "కొట్టిండా? లోపల్నుంచి?" అన్నాడు.

"కొట్టాడు."

"ఎంతసేపు?"

"చాలాసేపు."

"అంటే గొళ్లెం తీసుకునే ఉన్నడు. బయటికొస్తందుకే చూసిండు."

"అవును నాయనా. భయపడలేదు. భయపడింది నేను."

లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. "నేను ఓడ కాడ ఎవని సప్పుడన్నా ఇని కదలకుంటే నన్ను జైల్ల పెడతరు సార్" అన్నాడు. కోపంగా అనలేదు. యార్డు రూలు చెప్పినట్టే చెప్పాడు. వెళ్లిపోయాడు. ట్రైను స్టేషను వైపు మలుపు తిరిగేదాకా చూశాను.

సార్ అన్నాడు.

9 అక్టోబరు

మెడల్ గోడ మీంచి తీసి బీరువాలో పెట్టాను. ఉమ చూసింది. వచ్చి మేకు పీకేసింది.

15 అక్టోబరు, ఆదివారం

రాలేదు.

18 అక్టోబరు

రెజిమెంటుకు చేత్తో ఉత్తరం రాసి పోస్టు చేశాను. మెడల్ ఎక్కడికి తిప్పి పంపాలో చెప్పమని. జవాబు రాదు, నాకు తెలుసు.

అన్నం సహించడం లేదు. స్పానర్ చప్పుడు పగలే వినబడుతోంది. పై అంతస్తులో ఎవరో రోట్లో ఏదో దంచుతున్నారట, అడిగితే ఉమ చెప్పింది. కావచ్చు.

22 అక్టోబరు, ఆదివారం

పదిన్నరకు తలుపు కొట్టారు. నేనే తీశాను. తిరుమలేష్. పళ్ల సంచి లేదు. చెప్పులు విప్పలేదు.

"మా అమ్మ మాట్లాడతదంట మీతోని. ఎస్టీడీ బూతు కాడికి వస్తది పదకొండు గొట్టంగ, ఈడి టైము లెక్కల. నడువుండ్రి" అన్నాడు.

చొక్కా వేసుకున్నాను. ఉమ గుమ్మంలోకి వచ్చి, "నేనూ రానా నాన్నా?" అంది. మూడు వారాల్లో అది తనంతట తాను నాతో అన్న మొదటి మాట. వద్దన్నాను.

బ్లాకు కింద పబ్లిక్ ఫోను. వాడు ఫోను కార్డు మీద గీకిన అంకెలు ఒక్కొక్కటే నొక్కి, వాళ్ల ఊరి బూతు నంబరు నొక్కి, "అమ్మా, ఉన్నడు" అని రిసీవరు నా చేతిలో పెట్టాడు. రెండడుగులు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

"గురునాథమేనా?" అంది బాలనాగమ్మ.

"నేనేనమ్మా."

"నువ్వు చెప్పింది నిజమేనా? మా పోరని మనసు కోసం చెప్తున్నవా?"

"నిజమమ్మా. ఇంతకుముందు నేను చెప్పిందే అబద్ధం."

అటు బూతులో ఎవరో బస్సు టైము అడుగుతున్నారు.

"గట్టిగ కొట్టిండా?"

"గట్టిగా కొట్టాడు. చివరిదాకా కొట్టాడు."

"నేను అనుకున్నదే. ఆయన ఊకోడు. ఇరవై తొమ్మిదేండ్లు ఆయె. నా పోరడు బడి ఇడిసిపెట్టిండు. నీకు ఒక్కపారన్న ఉత్తరం రాయబుద్ధి కాలే?"

"తప్పు చేశానమ్మా" అన్నాను. ఫోను పట్టుకుని ఏడ్చాను. పక్క బ్లాకు ముసలాయన పిట్ట పంజరం పట్టుకుని నడుస్తూ నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

"ఏడువకు. నీ ఏడుపు నాకెందుకు," అంది ఆమె. "ఇను. ఫిబ్రవరిల ఆ జూబిలీ కాడికి నేనొస్తున్న. నా కొడుకు సుత వస్తడు, సెలవు పెట్టిండు. నువ్వు కూడ రావాలె. పుస్తకంల ఏం రాసుకుంటరో రాసుకోనీ, నేను సదువుత్తనా ఏంది? నువ్వు అందరి ముందట నిలవడి, నాకు చెప్పినట్టే నోటితోని చెప్పాలె. చెప్తవా?"

"చెబుతానమ్మా."

"ఇంకోటి. ఆడ సచ్చిపోయినోళ్ల పేర్లు పిలుస్తరంట గద. మా ఆయన పేరుకు నువ్వే పలుకుతవంట."

"అవునమ్మా. ప్రతిసారీ నేనే."

"ఇగ నువ్వు పలకకు. ఆయన పేరు పిలిస్తే నా కొడుకు పలుకుతడు. నువ్వు సప్పుడు జెయ్యకుండ కూసో. ఇనబడ్డదా?"

"అలాగేనమ్మా, కూర్చుంటాను" అన్నాను.

అప్పటికే లైను తెగిపోయింది. కార్డులో నిమిషాలు అయిపోయాయి. ఆమెకు నా మాట వినబడిందో లేదో తెలియదు.

తిరుమలేష్ వచ్చి, "ఏమన్నది?" అన్నాడు. చెప్పాను. అంతా విని, "మీరేమన్నరు?" అన్నాడు.

"సరే అన్నాను. ఆవిడకు వినబడలేదు."

వాడు నా ముఖంలోకి చూశాడు. "ఆడ్నే ఉంటది. మళ్ల చేసేదాక కదలది. నేను కార్డు కొనుక్కొస్త, మీరు ఈడ్నే ఉండుండ్రి" అని రోడ్డు దాటాడు.

వెనక ఎవరో ఫోను కోసం వచ్చి నిలబడ్డారు. వాళ్లకు సైగ చేసి, ఇంకా అయిపోలేదని చెప్పాను. కాళ్లు పీకుతున్నా బల్ల మీద కూర్చోలేదు. వాడు కార్డు తీసుకుని తిరిగి వచ్చేదాకా ఫోను దగ్గరే నిలబడి ఉన్నాను.